చేతులు మారిన ఇల్లు

ఇస్త్రీపెట్టె ఆయన చొక్కా కాలరు మీద ఆనించానో లేదో, తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఆయన గది గుమ్మంలోకి వచ్చారు. "లాయరమ్మ ఏమన్నా అడిగితే నువ్వు తొందరపడి మాట్లాడకు. నేను చెప్తా," అన్నారు. సరేనన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను అన్న సరేలన్నీ దండ గుచ్చితే ఈ వీధి చివరిదాకా వస్తుంది. "ముఖం అలా పెట్టకు. ఇల్లు నీ పేరు మీద పెడుతున్నాను. ఎంతమంది మొగుళ్ళు పెడతారు చెప్పు?" అని కూడా అన్నారు. ముఖం ఎలా పెట్టానో నాకు తెలియదు. చొక్కా చేతులు తిరగేసి మణికట్టు దగ్గర ముడతలు తీస్తున్నాను.

ఆ మాట నెల్లాళ్ళుగా వింటూనే ఉన్నాను. వాళ్ళన్నయ్యకి ఫోన్లో చెప్పారు. బస్సు డిపోలో తన కింద పనిచేసే డ్రైవర్లకి చెప్పారు. మంగలి షాపులో కూడా చెప్పినట్టున్నారు, దారిలో కనబడి అతను నాకు శుభాకాంక్షలు చెప్పాడు. అసలు జరిగింది వేరు. ఇల్లు చూపించిన బ్రోకరు మా ఇంటికొచ్చి లెక్కలు చెబుతూ, ఇల్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారినప్పుడల్లా సర్కారుకి బదిలీ పన్ను కట్టాలన్నాడు. అది మెట్లుమెట్లుగా ఉంటుందట. ధరలో మొదటి భాగానికి కొంచెమే, పైకి వెళ్ళేకొద్దీ శాతం పెరుగుతూ పోతుంది. బ్యాంకు వాళ్ళిచ్చే అప్పులో అది కలవదు, ఇల్లు చేతికొచ్చే రోజున సొంతంగా కట్టుకోవాలి. ఆయన అడ్వాన్సు లెక్క వేశారు, వాయిదాలు లెక్క వేశారు, సామాను లారీ కూడా లెక్క వేశారు గానీ ఇది వెయ్యలేదు. ముఖం నల్లబడింది. అప్పుడా బ్రోకరు, జీవితంలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి చాలావరకు మాఫీ ఉంటుందన్నాడు. ఆయనకి అది రాదు. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు వాళ్ళన్నయ్యతో కలిసి ఒక చిన్న వాటా కొని అమ్మారు. సరిగ్గా అప్పుడు నేను టీ తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

ఆయన నన్ను చూసి నవ్వారు. "ఈవిడ పేరు మీద ఎప్పుడూ ఏమీ లేదు," అన్నారు.

"అయితే మేడంగారే ఓనరు," అని బ్రోకరూ నవ్వాడు.

కప్పులు బల్ల మీద పెట్టి నేనూ నవ్వాను. నిజమే, నా పేరు మీద ఏమీ లేదు. కరెంటు మీటరు, ఫోను, గ్యాసు అన్నీ ఆయన పేరు మీదే. నా జీతం పడే బ్యాంకు ఖాతాలో కూడా ఆయన పేరు ముందుంటుంది, నాది వెనక. నేను కళ్ళద్దాల షాపులో ఫ్రేములు సరిచేసే పని చేస్తాను. అక్కడ నా పేరు మీద రాసేది ఒక్కటే, నా చేతిలో పగిలిన అద్దాల ఖర్చు.

అయినా లోపల సంతోషపడ్డాను. దాచుకోను. ఏ కారణంతో ఇస్తేనేం, ఇస్తున్నారు కదా అనుకున్నాను. ఆకలిగా ఉన్నవాడికి విస్తరి ఎవరు కుట్టారన్న పట్టింపు ఉండదు. ఆ ఇల్లు మరీ గొప్పదేం కాదు. వంటగది ఇరుకు, కుళాయి తిప్పితే ముందు గొంతు సవరించుకున్నట్టు శబ్దం చేసి తర్వాత నీళ్ళు వదులుతుంది. వెనక గది మాత్రం బాగుంటుంది. పక్కింటి గోడ మీంచి ఒక తీగ ఈ కిటికీ దాకా పాకింది. మేం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన సోఫా పట్టే చోటు టేపుతో కొలుస్తుంటే నేను ఆ గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. చల్లగా ఉంది. నాది అనుకున్నాను. పైకి అనలేదు. మర్నాడు షాపులో ఒక పెద్దమనిషి, "ఫ్రేము బిగించడానికి మగవాళ్ళెవరూ లేరా?" అని ఎప్పటిలా అడిగినప్పుడు కూడా నాకు కోపం రాలేదు. "లేరండీ, నేనే," అని నవ్వుతూ ఆయన చెవుల వెనక కొలత చూశాను. కడుపులో ఇల్లు పెట్టుకుని తిరుగుతున్న మనిషికి అలాంటి మాటలు ఏం తగులుతాయి?

లాయరమ్మ నా ఈడు మనిషి. కళ్ళజోడు ఎడమవైపుకి ఒరిగి ఉంది, స్క్రూ వదులైనట్టుంది. ఆమె గదిలోకి వెళ్ళగానే నా చూపు దాని మీదే పడింది, వృత్తి అలవాటు. ఆమె మమ్మల్ని కూర్చోమని, నీళ్ళిచ్చి, ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"ఒక చిక్కొచ్చిందండీ. ఈ మాఫీ మొదటి ఇల్లు కొనేవాళ్ళకి. మీకు ఇంతకుముందే ఒక ఇల్లుంది."

నేను నవ్వేశాను. "నాకా?"

"పేరు కలిసుంటుంది," అన్నారాయన. "ఈ పేరు వాళ్ళు వీధికి నలుగురుంటారు."

"పుట్టిన తేదీ కలిసింది, తండ్రి పేరు కలిసింది. కాలవ వంతెన పక్కన, మూల మీద మేడ ఇల్లు. అది మీ పేరు మీదకి వచ్చినప్పుడు కూడా ఈ మాఫీయే వాడుకున్నారు. ఇది మనిషికి జీవితంలో ఒక్కసారే ఇస్తారు. తర్వాత ఆ ఇల్లు మీరు అమ్మేశారు."

కాలవ వంతెన పక్కన మేడ ఇల్లు మా అత్తగారి ఇల్లు. పెళ్ళై వెళ్ళింది ఆ ఇంట్లోకే. నా కూతురు నడక నేర్చింది ఆ హాల్లోనే. ఆ ఇంటి మెట్లు, మెట్ల పక్క కర్ర రెయిలింగు వారం వారం తుడిచి నూనె పట్టించింది నేనే. "మా ఇంట్లో తలుపులు దబదబా వెయ్యరు," అని అత్తయ్య అన్నది ఆ తలుపుల గురించే. "మీ వాళ్ళింట్లో ఎలా నడిచిందో గానీ మా ఇంట్లో కుదరదు," అన్నదీ ఆ వంటగదిలోనే. మా అమ్మా నాన్నా కలిసి దిగిన ఫొటో ఒకటి గోడకి పెట్టుకోవాలనిపించి, మేకు కొట్టుకోవచ్చా అని అడిగాను ఒకసారి. "గోడ పాడవుతుంది," అంది ఆవిడ. ఫొటో బీరువా లోపలి తలుపుకి అంటించుకున్నాను. ఆ బీరువా కూడా వాళ్ళదే కాబట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా.

నేను ఆయన వైపు చూశాను. కుర్చీలో కొంచెం కదిలి, ఎక్కడో మర్చిపోయిన గొడుగు దొరికినట్టు, "ఓ, అదా," అన్నారు. "మా అన్నయ్య వ్యాపారం దెబ్బతిన్నప్పుడు అప్పులవాళ్ళు ఇంటి మీద పడతారని అప్పట్లో ఈవిడ పేరు మీదకి మార్చాం. పేరుకి మాత్రమే లెండి. తర్వాత అమ్మేశాం. నేను మర్చిపోయాను కూడా."

నాకు నెమ్మదిగా గుర్తొచ్చింది. చంకలో జ్వరంతో పాప. పొయ్యి మీద పాలు. భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి బావగారు పిలిచారు. "పాప ఇన్సూరెన్సమ్మా. ఇక్కడొకటి, ఇక్కడొకటి." నాకంటే ముందు అత్తయ్య కూడా ఏవో సంతకాలు పెట్టింది, కలం ఇంకా వెచ్చగా ఉంది. పాలు పొంగుతాయని ఒక కన్ను అటేసి పెట్టాను. ఇంకోసారి, ఇల్లు అమ్మినప్పుడు, "సాక్షి సంతకం" అన్నారు. నా సొంత ఇల్లు నేను అమ్ముతూ, సాక్షిననుకుని సంతకం పెట్టి వచ్చాను.

"ఇప్పుడు పన్ను ఎంత పడుతుంది?" అని అడిగారాయన. లాయరమ్మ లెక్క వేసిన కాగితం ఆయన ముందుకు తిప్పింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "ఎలాగూ మాఫీ లేదు కదా. అలాంటప్పుడు ఈవిడ పేరెందుకు? నా పేరు మీదకి మార్చెయ్యండి." చొక్కాకి ఈ గుండీ వద్దు, ఆ గుండీ కుట్టు అని దర్జీకి చెప్పినట్టే చెప్పారు.

ఆమె కలం కింద పెట్టింది. "మీరేమంటారండీ?" అంది నన్ను.

సరే అన్న మాట నాలుక చివరికి దానంతటదే వచ్చేసింది. అలవాటు అలాంటిది, పిలవకపోయినా వచ్చే కుక్కలాంటిది. దాన్ని పళ్ళ వెనక ఆపాను. "నేను కొంచెం ఆలోచించుకోవాలి," అన్నాను.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అని నవ్వారాయన.

"ఆలోచించుకోనివ్వండి," అంది లాయరమ్మ, ఆమె నవ్వలేదు.

కారులో ఆయన పన్ను గురించే మాట్లాడుతున్నారు. సర్కారు జనాన్ని ఎలా పిండుతుందో, ఆ బ్రోకరు ముందే ఎందుకు చూసుకోలేదో. నాకు ఏదీ చెవిలోకి పోవడం లేదు. నా ఆలోచన ఆ మేడ ఇంట్లో మెట్ల కింద గది దగ్గర ఆగిపోయింది. అమ్మ ఉన్నది ఆ గదిలో.

నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉండేది. బట్టలు సరిచేసి కుట్టేది, అంచులు మడవడం, జిప్పులు మార్చడం. ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు. నేను తప్ప ఆమెకి ముందూ వెనకా ఎవరూ లేరు. మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగితే ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. నడక వచ్చేదాకా ఎవరైనా దగ్గరుండాలన్నారు. నేను అత్తయ్యని అడిగాను. ముందు రోజంతా మాటలు కూర్చుకుని, ఆవిడ టీ తాగి కప్పు కింద పెట్టాక అడిగాను. "కొన్నాళ్ళయితే సరే," అంది. అమ్మ వచ్చింది. ఆ మెట్ల కింద గదిలో మంచం వేశాం. అమ్మ దగ్గు వస్తే దిండులో ముఖం పెట్టుకుని దగ్గేది. స్నానానికి నీళ్ళు తక్కువ చాలనేది. నేను కంచం పట్టుకెళితే, "ముందు వాళ్ళు తిన్నారా?" అనేది. మంచం మీదే కూర్చుని అత్తయ్య జాకెట్టొకటి, ఆయన ప్యాంట్లు రెండు కుట్టిపెట్టింది, ఉన్నందుకు అద్దె కట్టుకుంటున్నట్టు.

ఒకరోజు పొద్దున్న పలహారాల దగ్గర అత్తయ్య అంది: "కొన్నాళ్ళన్నారు. ఇల్లేమన్నా సత్రమా?" ఆ గది తలుపు తీసే ఉంది. నేను ఆయన వైపు చూశాను. అలా చూడ్డం నాకింకా గుర్తుంది. మునిగేవాళ్ళు ఒడ్డు వైపు చూసినట్టు చూశాను. ఆయన రొట్టె తుంచుకుంటూ, తల ఎత్తకుండా, "ఇల్లు అమ్మది. ఆవిడ మాట కాదని నేనెలా అంటాను?" అన్నారు. ఆ మధ్యాహ్నం అమ్మే నాతో అంది. "నన్ను ఏదైనా వృద్ధుల హోములో చేర్పించెయ్యవే. పరాయి ఇంట్లో ఎన్నాళ్ళుంటాను? నా మూలంగా నీకు మాట రాకూడదు." నేను ఏడిస్తే నా చెయ్యి నిమిరింది. ఆమె చేర్చమంది కదా అని నేను చేర్చాను. ఆ హోములో ఒకే హాల్లో వరసగా మంచాలు. నడిపించేవాళ్ళు లేక ఆమె మళ్ళీ నడవలేదు. నా సెలవు రోజున వెళ్ళి తల దువ్వి వచ్చేదాన్ని. చలికాలం పూర్తిగా పోకముందే అమ్మ పోయింది. ఫోనొచ్చినప్పుడు నేను షాపులో ఒక చిన్నపిల్లకి ఫ్రేము బిగిస్తున్నాను. ఓనరు, "అయ్యో," అని, "వెళ్ళేముందు కౌంటరు తాళాలిచ్చి వెళ్ళమ్మా," అన్నాడు.

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. "ఏవండీ," అన్నాను. "అమ్మ మనింట్లో ఉన్నప్పుడు ఆ ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

"ఏ అమ్మ?"

"మా అమ్మ."

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, అద్దంలోంచి ఎర్రదీపం వైపు చూస్తూ. "నీ పేరు మీదే ఉండుండాలి. అంతకు ముందు ఏడే కదా మార్చింది. ఏం?"

"మీకప్పుడు తెలుసు."

"తెలుసంటే... అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? పేరుకి మాత్రమే కదే. ఇల్లు అమ్మదే."

"ఇల్లు అమ్మది అనే అన్నారు ఆ రోజు కూడా."

"మరి అమ్మదే కదా," అన్నారు. పచ్చదీపం వెలిగింది, కారు కదిలింది.

ఆయన అబద్ధం ఆడినా బాగుండేది. అబద్ధమైతే పట్టుకుని నిలదీసేదాన్ని. ఆయన నిజాయితీగా అన్నారు. నా పేరు రాసి ఉన్న ఇల్లు వాళ్ళమ్మది కావడంలో ఆయనకి ఏ తిరకాసూ కనబడలేదు. పొడుగు తక్కువైతే స్టూలు వేసుకుంటాం, పని కాగానే కాలితో పక్కకి నెడతాం. స్టూలుకి చెప్పి వేసుకుంటామా? ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క బూతు అనలేదు. మంచివాడంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మ నా సొంత ఇంట్లో దిండులోకి దగ్గిందని, నా సొంత ఇంట్లో ఉండడానికి అద్దెగా ప్యాంట్లు కుట్టిందని, నా సొంత ఇంట్లో చోటు కోసం నేను ఇంకొకరి ముఖం చూశానని తెలిశాక మాత్రం ఆ మంచితనాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య హాల్లో తన మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆ మేడ ఇల్లు అమ్మిన డబ్బు బావగారి వ్యాపారంలో మంచులా కరిగిపోయాక ఆవిడ మాతోనే ఉంటోంది, ఈ అద్దె ఇంట్లో. హాల్లో మంచమే ఆవిడ గది. మునుపటి గొంతు లేదు. ఆయన కారు పెట్టి డిపోకి ఫోను చేసుకుంటూ బయటే ఉండిపోయారు. నేను చెప్పులు విప్పి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఈ మాట ఎలా అడగాలో కూర్చుకోలేదు. ఆవిడతో ముందుగా కూర్చుకోకుండా మాట్లాడడం అదే మొదటిసారేమో.

"కాలవ దగ్గరి ఇల్లు నా పేరు మీద ఉండేదటత్తయ్యా. మీకు తెలుసా?"

"నీ పేరు మీదా?" అంది. "నీకెవరు చెప్పారు? అది నా పేరు మీద కదే. మావయ్య పోయాక నా పేరు మీదకే వచ్చింది."

"వచ్చింది. తర్వాత మీరు నాకు రాసిచ్చారట. నేను చంటిదాన్ని ఎత్తుకునుంటే బావగారు కాగితాలు తెచ్చారు, మీరు నాకంటే ముందు సంతకం పెట్టారు."

ఆవిడ చేతిలో బఠాణీ కాయ సగం విప్పి అలాగే ఉంది. "పెన్షన్ కాగితాలన్నాడు పెద్దాడు," అంది. ఆ కాయ గిన్నెలో పడేసింది. తర్వాత, "వీడికీ తెలుసా?" అని గుమ్మం వైపు చూసింది. తెలుసన్నాను. "అయితే అన్నేళ్ళూ నేను నీ ఇంట్లో ఉన్నానా?" అంది.

ఆవిడ చిన్నబోవడం చూడాలని నేను ఎన్నిసార్లు కోరుకోలేదు? మెట్లు తుడుస్తూ కోరుకున్నాను, హోము నుంచి ఖాళీ చేతులతో వస్తూ కోరుకున్నాను. తీరా చూస్తే నాకు ఏమీ దొరకలేదు. ఎదురుగా ఉన్నది, తన ఇల్లు తనకి తెలియకుండా పోయిన ఒక ముసలామె. నాకు తెలియకుండా వచ్చింది, ఆమెకి తెలియకుండా పోయింది. ఆ రెండింటి మధ్య మా అమ్మ నలిగిపోయింది. ఆవిడ మీద నేను ఇన్నాళ్ళు భద్రంగా పెంచుకున్న కోపం కూడా తప్పు చిరునామాకి వెళ్ళిన ఉత్తరంలా తిరిగొచ్చింది, సగమే. మిగతా సగం ఆవిడకి చెందిందే. ఇల్లు తనదే అయినా సరే, ఎముక విరిగిన మనిషిని పొమ్మనకూడదు.

ఆవిడ కాయలు మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. "ఇప్పుడు కొనేది ఎవరి పేరు మీద?"

"ఆయన పేరు మీదకి మార్చమంటున్నారు."

"ఈసారి చదవకుండా పెట్టకు," అంది తలెత్తకుండా.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ షాపులోంచి లాయరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ముందు ఆమె కళ్ళజోడు అడిగి తీసుకుని, పర్సులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించిచ్చాను. చేతులకి ఏదో పని ఉంటే తప్ప నాకు మాట రాదు. తర్వాత అడగాల్సినవన్నీ అడిగాను. పెళ్ళాం తెలివితక్కువ ప్రశ్నలు వేస్తోందని ఎవరూ నవ్వే వీలు లేని గదిలో కూర్చుని అడగడం ఎంత హాయిగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆమె ఓపికగా చెప్పింది. ఈ పన్ను ఇంటికి కాదు, ఇల్లు చేతులు మారినందుకు. ఇప్పుడు ఆయన పేరు మీద కొని, రేపెప్పుడో నా పేరు కలుపుదామంటే అదీ చేతులు మారడమే, మళ్ళీ కాగితాలు, మళ్ళీ లెక్క, అన్నిటికంటే ముందు ఆయన ఒప్పుకోవాలి. ఏం తేల్చుకున్నా ఇప్పుడే తేల్చుకోమంది.

"నా పేరు మీద కొన్నాక, నాకు తెలియకుండా ఎవరైనా మార్చగలరా?"

"మీ సంతకం లేకుండా మారదు. నా దగ్గరైతే మీరు చదవకుండా సంతకం ఉండదు. సంతకాల రోజు మీవారిని బయట కూర్చోబెడతాను."

"ఆ మాఫీ మళ్ళీ రాదా? నాకు తెలియకుండా జరిగిందని చెప్పినా?"

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "పోరాడొచ్చు. ఆ పాత సంతకాలు మోసం అని నిరూపించాలి. మీ బావగారి మీద, మీవారి మీద. ఏళ్ళు పడుతుంది. మీరు చెయ్యమంటే చేస్తాను."

కిటికీలోంచి కిందకి చూశాను. వీధిలో ఒకామె గాలికి గొడుగు తిరగబడితే సరిచేసుకుంటోంది. నాకు పాత ఇల్లు అక్కర్లేదు. నాకు కావాల్సిన మనిషిని ఏ కోర్టూ నడిపించి తేలేదు. జీవితంలో ఒక్కసారే ఇస్తారన్న ఆ అవకాశం నాకు ఎప్పుడో ఇచ్చారు, నాకు తెలియకుండా అయిపోయింది కూడా. "వద్దండీ," అన్నాను. "మొత్తం పన్ను కడతాను."

ఆ సాయంత్రం బల్ల దగ్గర ఆయనకి వడ్డించి, పక్కన నిలబడకుండా ఎదురుగా కూర్చున్నాను. ఇల్లు నా పేరు మీదే ఉండాలన్నాను.

"మాఫీ లేదు కదే. ఇంకా నీ పేరెందుకు?"

"ఉండాలి."

"నా పేరైతేనేం, నీ పేరైతేనేం? ఏంటి తేడా? ఉండేది అందరం కలిసే కదా."

"తేడా లేకపోతే నా పేరే ఉండనివ్వండి."

ఆయన నన్ను వింతగా చూశారు, ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న కుర్చీ మాట్లాడినట్టు. నేను చెప్పాల్సింది చెప్పాను. అడ్వాన్సులో సగం నా షాపు జీతంలో మిగిల్చిందీ, అమ్మ కుట్టుపని చేసి దాచి నాకు వదిలి వెళ్ళిందీ. నా పేరు కాకపోతే నేను సంతకం పెట్టను, నా భాగం నేను వెనక్కి తీసుకుంటాను. ఆయన కంచం పక్కకి నెట్టి వసారాలోకి వెళ్ళి వాళ్ళన్నయ్యకి ఫోను చేశారు. బావగారి గొంతు పెద్దది, ఫోనులోంచి కూడా గది దాకా వస్తుంది. "ఆడవాళ్ళతో ఇప్పుడు వాదించకు. ఆవిడ పేరు మీదే కానివ్వు, తర్వాత చూద్దాం," అంటున్నారు. ఆయన "సరే, తర్వాత చూద్దాం," అంటూ లోపలికి వచ్చారు.

హాల్లో మంచం మీంచి అత్తయ్య అంది, "తర్వాత చూసేదేం లేదురా. దాని జోలికి పోవద్దని మీ అన్నకి చెప్పు."

ఆవిడ నా వైపు చూడలేదు, నేనూ ఆవిడ వైపు చూడలేదు.

సంతకాల రోజున లాయరమ్మ చెప్పినట్టే ఆయన్ని బయట గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. ప్రతి కాగితం చదివి వినిపించింది. అర్థం కాని చోట ఆపాను, మళ్ళీ చెప్పమన్నాను. బదిలీ పన్ను కాగితం వచ్చినప్పుడు, ఇంతకుముందు ఇల్లు ఉండేదా అన్న ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. ఉండేది అని నేనే రాశాను. పన్ను మొత్తానికి చెక్కు ఇచ్చాను. బయటికి వచ్చాక ఆయన, "ఇప్పుడు సంతోషమేనా?" అన్నారు. ఎగతాళిగా అన్నారో, మనస్ఫూర్తిగా అడిగారో. ఆయన పక్కన కారులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆయనతో ఎంత దూరం వెళ్తానో నేనింకా తేల్చుకోలేదు. అది తేల్చుకోవడానికి కూర్చునే చోటు మాత్రం ఒకటి నాకుంది.

ఇల్లు మారే రోజు చల్లగా, మబ్బుగా ఉంది. లారీ వాళ్ళు బీరువాలు దింపుతున్నారు. ఆయన సోఫా ముందు గదిలో పట్టక, తన కొలత ఎక్కడ తప్పిందో వాళ్ళతో వాదిస్తున్నారు. వంటగదిలో నేను గిన్నెలు సర్దుతుంటే ఎంతసేపటికీ అత్తయ్య అలికిడి వినబడలేదు. బయటికి వచ్చి చూస్తే, ఎవరో పేవ్‌మెంటు మీద దింపిన భోజనాల కుర్చీలో కూర్చునుంది, ఒళ్ళో తన సంచీ పెట్టుకుని. గాలికి నెరిసిన జుట్టు ముఖం మీద పడుతోంది.

"ఇక్కడ కూర్చున్నారేంటి? చలి. లోపలికి రండి."

"నువ్వు పిలుస్తావేమోనని చూస్తున్నా," అంది.

నేను సంచీ అందుకోబోయాను. ఆవిడ దాన్ని వదల్లేదు. ఏదో చెప్పాలన్నట్టు నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"మీ అమ్మని హోముకి తీసుకెళ్ళిన రోజు నువ్వు కారు పిలవడానికి వెళ్ళావు. గుమ్మం దగ్గర నేను, ఆవిడే. కర్ర పట్టుకుని నిలబడి, 'ఇన్నాళ్ళు మీ ఇంట్లో చోటిచ్చారు వదినగారూ, మీ మేలు మర్చిపోను,' అంది నాతో." ఆవిడ నా మణికట్టు వదిలింది. "ఆ మాట నీకు రావాల్సింది. నేను తీసుకున్నా."